గెడ్డ ఎవరిది

గజపతినగరం దాటి మరికొంత దూరం పోతే ఓ చిన్న పట్నం వస్తుంది. పేరెందుకులెండి, మునిసిపాలిటీ అని బోర్డు పెట్టుకున్న ఊరు. ఆ ఊళ్లో గెడ్డవీధి ఎక్కడని అడిగితే బస్టాండులో బఠానీలమ్మే మనిషి కూడా చెయ్యి చూపించి చెబుతాడు. వీధి మొదట్లో గెడ్డ ఉంది కాబట్టి గెడ్డవీధి. మిగతా జిల్లాలవాళ్లు వాగు అంటారే, దాన్నే ఈ వైపు గెడ్డ అంటారు. కొండల మీంచి దిగి, పొలాలు దాటి, ఊళ్లో దూరి, ఊరి మురికంతా మోసుకుని అవతలికి పోతుంది. దాని మీద ఒక కల్వర్టు ఉండేది. పోయిన వానాకాలంలో దాని పలక మధ్యకి విరిగి నీళ్లలో కూలబడింది. కూలబడినది కూలబడినట్టే ఉంది. వీధివాళ్లే చందాలేసుకుని రెండు తాటిదూలాలు అడ్డంగా పడేసుకున్నారు. వాటి మీద కాళ్లున్న మనుషులు పోతారు, బళ్లు పోవు.

నగరేశ్వరరావుకి కాళ్లున్నాయి గానీ కిడ్నీలు లేవు. అంటే ఉన్నాయి, పని చెయ్యవు. గెడ్డవీధిలో బెల్లం కొట్టు ఆయనది. ఒకప్పుడు అచ్చు బెల్లం దిమ్మని ఒంటి చేత్తో ఎత్తి తక్కెట్లో వేసిన మనిషి. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాల్లో విజయనగరం తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. తీసుకెళ్లేది పోతురాజు ఆటో. ఆ ఆటో గెడ్డకి అవతలే ఆగిపోతుంది. ఇవతల నుంచి ఆయన భార్య మహాలక్ష్మమ్మ మొగుడి జబ్బ పట్టుకుని, దూలాల మీద అడుగులో అడుగేయించుకుంటూ దాటించాలి. వాన లేని రోజున ఆమెకి ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. వాన పడిన రోజున అదీ లేదు, దూలాలు నీళ్ల కింద ఉంటాయి.

మొన్నొక బుధవారం అలాగే జరిగింది. గెడ్డ తగ్గలేదు, ఆటో వెనక్కి పోయింది. మర్నాటికి నగరేశ్వరరావు ముఖం బూరెలా పొంగింది. పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చున్నాడు. గెడ్డలో నీరు తగ్గాక వీధిలో మగాళ్లు నలుగురు ఎత్తి అవతల దింపితే ఎలాగో ఆసుపత్రికి చేర్చారు. అక్కడి డాక్టరు మహాలక్ష్మమ్మని పక్కకి పిలిచి చెప్పాడు. ఇంకొక్కసారి తప్పితే మనిషి దక్కడమ్మా అని.

ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా ఆమె ఫోను చేసింది. ఫిర్యాదులు చెప్పుకునే నంబరు కరెంటు స్తంభానికి అంటించి ఉంది. ఎత్తిన అమ్మాయిది ఏ జిల్లానో గానీ, గొంతు మాత్రం పంచదార పాకంలా ఉంది.

"నమస్కారం మేడమ్. మీ సమస్య చెప్పండి."

"గెడ్డ తల్లీ. గెడ్డ పొంగిపోతన్నాది."

"గడ్డా మేడమ్?"

"అవునమ్మా, గెడ్డే."

"ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"నేను కాపరానికొచ్చిన కాడ్నుంచీ ఉన్నాది. అయితే ఇంతలాగ పొంగడం ఈమద్దినే."

"అయ్యో. నొప్పిగా ఉందా మేడమ్?"

నొప్పిగా ఉందా! ప్రభుత్వం తరఫు మనిషి తన మనసులో నొప్పి గురించి అడుగుతుందని మహాలక్ష్మమ్మ కలలో కూడా అనుకోలేదు. ఫోను రెండు చేతులా పట్టుకుంది. "నొప్పి కాకేటి తల్లీ. తిండి సయించట్లేదు, కంటికి కునుకు లేదు."

"వాసన రావడం, నీరు కారడం లాంటివి ఉన్నాయా?"

"కంపంటే అలాగిలాగ కాదు. నీరు కారడమేటమ్మా, పారతన్నాది!"

అటుపక్క టకటకా ఏదో కొట్టుకున్న చప్పుడైంది. తర్వాత మెల్లగా, "పేషెంట్ ఎవరు మేడమ్?" అని వినిపించింది.

"మా ఆయన. నగరేశ్వరరావు. డయాలసిస్సు మనిషి."

"అయ్యయ్యో. ఇది అర్జెంటు కింద పెడుతున్నాను మేడమ్. మనిషిని మీ ఇంటికే పంపిస్తాం."

మహాలక్ష్మమ్మ ఫోను పెట్టేసి కళ్లొత్తుకుంది. "సూసారా, గవర్నమెంటంటే మీకు నమ్మకం లేదు గానీ, ఎంత ఇదిగా అడిగిందో!" అని మొగుడికి చెప్పింది. ఆయన గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

మనిషి నిజంగానే వచ్చింది. ఇంజనీరు కాదు, నర్సు. పేరు దుర్గ. భుజాన బీపీ మిషను సంచీ, చేతిలో ఫోను. దూలాల మీద చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దాటి వచ్చి గుమ్మంలో నిలబడి, "గడ్డ ఎవరికమ్మా?" అంది.

"ఎవరికేటి, వీధి వీధంతటికీ!"

దుర్గ ముఖం పాలిపోయింది. "వీధంతటికీనా? ఎప్పటి నుంచి?"

"పోయిన వర్సాకాలం నుంచి. అందరం తిట్టుకుంటన్నాం గానీ ఎవరికి సెప్పుకోవాలో తెలవక ఊరుకున్నాం."

దుర్గ సంచీ లోంచి మూతిగుడ్డ తీసి కట్టుకుంది. మహాలక్ష్మమ్మకి ఏమీ అర్థం కాలేదు. గెడ్డ కంపుకి కాబోలనుకుంది. "రండి, సూపిస్తాను," అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, విరిగిన పలకా దాని మీంచి దూకుతున్న నల్లటి నీళ్లూ చూపించింది. దుర్గ నీళ్లని చూసింది, ఫోను చూసింది, మళ్లీ నీళ్లని చూసింది. మూతిగుడ్డ కిందికి లాగి అలాగే నడుం పట్టుకుని నవ్వింది.

"ఓలమ్మో, గెడ్డా! నాకు గడ్డ అనొచ్చినాది పిన్నీ. బాబాయికి ఒంటి మీద గడ్డ లేసినాది, కుళ్లి నీరు కారతన్నాది అని రాసున్నాది ఇక్కడ."

"మరి నేను గెడ్డనే కదా సెప్పాను?"

"నువ్వు గెడ్డే సెప్పావు. ఆవిడ గడ్డ ఇన్నాది."

పాపం దుర్గ మంచి పిల్లే. వచ్చినందుకు నగరేశ్వరరావుకి బీపీ చూసి, ఫొటో ఒకటి తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి మహాలక్ష్మమ్మ ఫోనుకి కబురొచ్చింది. మీ సమస్య పరిష్కరించబడింది, ధన్యవాదములు అని. ఆమె లేచి గుమ్మంలోకి వెళ్లి గెడ్డ వైపు చూసింది. ఏమో, ఎవరికి తెలుసు, అయిందేమో అని. గెడ్డ గెడ్డలాగే ఉంది.

దానికి తోడు ఎదురింటి జగ్గమ్మ బత్తాయిలు పట్టుకుని దిగింది. నర్సు రావడం, మూతికి గుడ్డ కట్టుకోవడం కళ్లారా చూసింది కదా. "దాచుకుంటే దాగుతాదేటి వదినా, గడ్డంటే మాటలా," అని ముక్కు చీదింది. మహాలక్ష్మమ్మ జరిగిందంతా చెప్పినా నమ్మలేదు. నగరేశ్వరరావు మాత్రం బత్తాయి తొక్క తీస్తూ, "కిడ్నీలకి ఇన్నేళ్లుగా ఎవరూ పండు తేలేదు, గడ్డే నయం," అన్నాడు.

ఇక ఫోనుల మీద నమ్మకం పోయి మహాలక్ష్మమ్మ స్వయంగా మునిసిపాలిటీకి బయల్దేరింది. అక్కడ ఇంజనీరు ప్రదీప్ అనే కుర్రాడు. తెనాలి వైపు వాడు, ఈ ఊరొచ్చి ఏడాది కాలేదు. మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు.

"గెడ్డ అయితే మాది కాదండీ," అన్నాడు. "గెడ్డలు ఇరిగేషన్ వాళ్లవి. డ్రైన్ అయితే మాది."

"అయితే డ్రైనే అనుకోండి బాబూ."

"మనం అనుకుంటే సరిపోదండీ. మీ వీధిలో డ్రైన్ ఉన్నట్టు మా రికార్డులో లేదు."

"గెడ్డ ఉన్నట్టుందా?"

"గెడ్డ అసలు లేదు."

"మీరిచ్చిన ఇంటిపన్ను రసీదు మీదే గెడ్డవీధి అనుంటాది కదా బాబూ?"

"వీధి పేరులో ఉందండీ. వీధిలో లేదు."

మహాలక్ష్మమ్మ ఆ మాటని ఇంటికెళ్లేదాకా నమిలింది. ఎటు నుంచి కొరికినా రుచి తెలియలేదు. ఆ కుర్రాడు అబద్ధం చెబుతున్నట్టు లేడు. అలాగని తాను చూస్తున్న నీళ్లు అబద్ధం కావు. మరి ఇద్దరూ నిజమే చెబితే ఆ పలక ఎందులో విరిగిపడినట్టు?

ఇరిగేషన్ ఆఫీసులో మురళీమోహన్ ఉన్నాడు. ఆయన ఈ మట్టిలో పుట్టిన మనిషే, పెద్దవాడు, రేపో మాపో రిటైరవుతాడు. ఈయనకైనా గెడ్డంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు గదా అని ఆమె కొంత ధైర్యంగా కూర్చుంది.

"గెడ్డ మాదేనమ్మా, కాదన్నానా," అన్నాడాయన. "ఊరి బయట రాయి ఉన్నాది సూడండి, ఆ రాయి దాకా గెడ్డ. రాయి దాటి ఊళ్లో అడుగెట్టగానే డ్రైను."

"ఒకటే నీరు కదా బాబూ?"

"నీరు ఒకటేనమ్మా. డిపార్టుమెంట్లు రెండు."

"మరి ఊరికి అటుపక్క బయటికి పోయాకో?"

"మళ్లీ గెడ్డే."

మహాలక్ష్మమ్మకి తల దిమ్మెక్కిపోయింది. ఇంటికొచ్చి మొగుడికి చెబితే ఆయన సగం విని, "అంటే మనం రాయికి అవతల కాపరం పెట్టుంటే గెడ్డలో పడి చచ్చేవాళ్లం, ఇవతలున్నాం గాబట్టి డ్రైనులో పడి చస్తాం, అంతేనా?" అన్నాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. చావు మాటలు తనముందు మాట్లాడొద్దని కసిరేసింది. కసిరాక వంటింట్లోకి పోయి ఏడ్చింది.

సోమవారం అర్జీలు తీసుకునే రోజు. మొగుడిని పోతురాజు ఆటోలో ఒక్కణ్ణే పంపించి తాను పెద్దాఫీసరు ముందు నిలబడింది. గెడ్డ అనకూడదు, డ్రైను అనాలి అని దారి పొడుగునా మంత్రంలా చెప్పుకుంది. ఆయన ముందుకెళ్లేసరికి రెండూ మరిచిపోయి, "బాబూ, ఇంకొక్కసారి తప్పితే మా ఆయన దక్కడు," అని ఊరుకుంది. పెద్దాఫీసరు ప్రదీప్‌నీ మురళీమోహన్‌నీ పిలిపించి, ఇద్దరూ కలిసి శుక్రవారంలోగా వెళ్లి చూసి అది ఎవరిదో తేల్చమన్నాడు.

శుక్రవారం పొద్దున్నే వీధివాళ్లందరికీ మహాలక్ష్మమ్మ పాఠం చెప్పింది. "ఇరిగేషన్ ఆయన ఎలాగూ డ్రైనంటన్నాడు. మనం కూడా డ్రైనంటే మునిసిపాలిటీకి తప్పదు. ఎవరూ పొరపాట్న గెడ్డ అనకండి." అందరూ తలూపారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నోట్లో ఉన్న మాట ఒక్క పూట మింగడం ఎంత కష్టమో వాళ్లకి అప్పుడు తెలియలేదు.

ఇంజనీర్లిద్దరూ జీపు అవతల ఆపి, దూలాల మీంచి సర్కస్ చేసుకుంటూ ఇవతలికి వచ్చారు. మబ్బు పట్టి ఉంది. కొండల వైపు అప్పటికే కురుస్తున్నట్టు నల్లగా ఉంది. ప్రదీప్ మొదట ఎదురుపడిన జగ్గమ్మని అడిగాడు.

"ఏమండీ, దీన్ని మీరు ఏమంటారు?"

జగ్గమ్మ మహాలక్ష్మమ్మ వైపు చూసింది. గుటక వేసింది. "డ్రైను గెడ్డ బాబూ," అంది.

"సూసారా, డ్రైనన్నాది," అన్నాడు మురళీమోహన్.

"గెడ్డ కూడా అన్నారండీ," అన్నాడు ప్రదీప్.

"ముందు డ్రైనన్నాది."

"చివర గెడ్డ అన్నారు."

వాళ్లలా లాక్కుంటూ ఉండగానే వాన దబదబా దిగింది. పంచాయితీ కాస్తా జగ్గమ్మ పంచ కిందికి మారింది. కొండ మీది నీరు వచ్చి పడేసరికి దూలాలు ముందు తడిశాయి, తర్వాత మునిగాయి, ఆ తర్వాత ఒకటి కదిలి కొట్టుకుపోయింది. అవతల జీపు పక్కన పోతురాజు ఆటో ఆపి హారన్ మోగిస్తున్నాడు. "పిన్నీ, ఏళ మించిపోతన్నాది! ఇప్పుడు బయల్దేరకపోతే ఇయ్యాల మిషను దొరకదు!"

మహాలక్ష్మమ్మ మొగుడి ముఖం చూసింది. కళ్ల కింద అప్పుడే ఉబ్బు మొదలైంది. చూసిన తర్వాత ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. కొట్లోకి పోయి చేతుల కుర్చీ వీధిలోకి ఈడ్చుకొచ్చింది. మొగుణ్ణి అందులో కూర్చోబెట్టి నెత్తిన గోనెపట్టా కప్పింది. వీధి మగాళ్లు ముందుకొస్తే చెయ్యడ్డం పెట్టి ఆపింది.

"మీరాగండి. బాబూ, ఇటు పట్టండి."

"మేమా?" అన్నాడు మురళీమోహన్.

"మరెవరు? ఇటుపక్క మునిసిపాలిటీ, అటుపక్క ఇరిగేషను. మీరెలాగూ అవతలికే పోవాల. సగం గెడ్డా సగం డ్రైనూ అయితే సెరో సగం మొయ్యండి."

ప్రదీప్ బూట్లు విప్పేశాడు. మురళీమోహన్ ప్యాంటు మడిచాడు, మడిచింది చాలక మళ్లీ మడిచాడు. ఇద్దరూ కుర్చీ చెరో పక్కా ఎత్తారు. కూలిన పలకకి కాస్త ఎగువన, నీరు మోకాళ్ల దాకా ఉన్న చోట దిగారు. మహాలక్ష్మమ్మ వెనకే కుర్చీ వీపు పట్టుకుంది. నగరేశ్వరరావు గోనెపట్టా లోంచి, "జాగర్త బాబూ, నాకు గడ్డ కూడా ఉన్నాదట," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

సరిగ్గా నడిమధ్యకి వచ్చేసరికి మురళీమోహన్ కాలు కింద ఏదో గోతిలోకి జారింది. నీరు నడుం దాకా వచ్చింది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. నగరేశ్వరరావు చెయ్యి గాల్లో ఆడింది. మహాలక్ష్మమ్మ కుర్చీ వీపుని వెనక్కి గుంజింది. ఆమె అరిచేలోపే మురళీమోహన్ అరిచాడు, ఒడ్డున ఉన్న వీధంతా వినేలా.

"ఓలమ్మో, గెడ్డ లాగేస్తన్నాది! పట్టండి బాబో, గెడ్డ లాగేస్తన్నాది!"

ప్రదీప్ కుర్చీ మొత్తం తన మీదికి తీసుకున్నాడు. మీరే గెడ్డన్నారు కదా సార్ అని అప్పుడే అనొచ్చు. అనలేదు. పళ్లు బిగబట్టి మహాలక్ష్మమ్మతో కలిసి కుర్చీని ఒడ్డెక్కించాడు. మురళీమోహన్ నీళ్లలో పాక్కుంటూ వచ్చి జీపు చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. ఒక చెప్పు లేదు.

నగరేశ్వరరావుని ఆటోలో ఎక్కించి మహాలక్ష్మమ్మ వాళ్ల వైపు తిరిగింది. చీరంతా బురద. తిట్టాలని తిరిగింది గానీ సోమవారం గుర్తొచ్చింది.

"సోమారం కూడా డయాలసిస్సే," అంది. "పొద్దున్న ఏడుకి వచ్చీండి. పలక పడీదాకా మీరే పలక."

శనివారం తెరిపిచ్చింది. ఆదివారం మళ్లీ పట్టుకుంది. సోమవారం పొద్దున్న కుర్చీ గుమ్మంలో పెట్టి, మొగుడిని కూర్చోబెట్టి, మహాలక్ష్మమ్మ గెడ్డ అవతలికి చూస్తూ నిలబడింది. వస్తారని ఆమెకి నమ్మకం లేదు. వాళ్లు రారు, వీధి మగాళ్లని కేకేయాలి అనుకుంటూనే చూస్తోంది. పోతురాజు ఆటో వెనక స్కూటరు ఒకటి ఆగింది. ప్రదీప్. బూట్లు అక్కడే విప్పి, నీళ్లలోకి దిగి ఇవతలికి వచ్చాడు. ఒక్కడే.

"ఆయన రాలేదా బాబూ?"

"లీవ్ పెట్టారండీ. జ్వరమంట."

ఆమె తిట్టడానికి మాటలు సిద్ధం చేసుకుని ఉంది. ఎదురుగా నిలబడినవాడు తడిసి ముద్దై ఉన్నాడు. వీణ్ణి తిట్టాలా, కాఫీ ఇవ్వాలా? రానివాణ్ణి వీడి ముందు తిడితే ఎవరికి తగులుతుంది?

"మరి పలక సంగతేటయింది? గెడ్డని రాసారా, డ్రైనని రాసారా?"

"రెండూ రాయలేదండీ. మనుషులు నడిచే దారి అని రాశాను. దారి అయితే మాదే కదా."

"అయితే వేస్తారన్నమాట."

ప్రదీప్ తల గోక్కున్నాడు. "తెలియదండీ. పైవాళ్లు మళ్లీ అడుగుతారు, ఏం దాటడానికి దారి అని."

మహాలక్ష్మమ్మ అతని ముఖంలోకి చూసింది. తన ముఖం అద్దంలో చూసుకున్నట్టే ఉంది, అంత అయోమయంగా ఉంది. అవతల పోతురాజు హారన్ కొట్టాడు. వీధి మగాళ్లలో ఎవరో వస్తున్నా వస్తున్నా అని దూరం నుంచి అరుస్తున్నారు గానీ ఆమె ఆగలేదు. కొంగు నడుముకి బిగించి కుర్చీకి రెండో పక్క తనే పట్టుకుంది.

"అమ్మా, మీ వల్ల కాదు," అన్నాడు ప్రదీప్.

"ఎత్తు బాబూ."

ఆమె ఎత్తబోతుండగానే నగరేశ్వరరావు పక్కకి తిరిగి, "ఒసే, ఆ పక్క మునిసిపాలిటీ. ఈ పక్క పట్టుకున్నావు, నువ్వు ఏ డిపార్టుమెంటే?" అన్నాడు.

మరెప్పుడైనా అయితే ఆమె ఏదో ఒకటి అనేసేది. ఇప్పుడు బరువుకి నడుం విరుగుతుందని పళ్లు బిగించి ఎత్తింది. నడుం విరగలేదు. చెయ్యి కూడా లాగలేదు. నాలుగు నెలల పిల్లాడి ఉయ్యాల ఎత్తినట్టు కుర్చీ ఇట్టే లేచి వచ్చింది. బెల్లం దిమ్మలెత్తిన మనిషి ఇంత తేలికైపోయాడని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. నీళ్ల వైపు గానీ ఒడ్డు వైపు గానీ చూడకుండా, కుర్చీ కోడు గట్టిగా పట్టుకుని, ఆమె గెడ్డలోకి నడిచింది.